యాభై బారల వాచీ, మూడు నిమిషాల లెక్క

ఒడిశాలోని గంజాం తీరంలో పాతతరం తెలుగు మత్స్యకారులు సముద్రం లోతును మీటర్లలో చెప్పరు. "ఇక్కడ పది బారలుంటుంది" అంటారు. తాడు కొసన గుండు కట్టి నీళ్లలోకి వదులుతారు. అడుగు తగిలాక పైకి లాగుతూ రెండు చేతులూ బార్లా చాచి కొలిస్తే, చాపుకో బార. ఇంగ్లీషువాళ్ల ఫాథమ్ కూడా అచ్చం ఇదే చేతుల కొలత, ఆరడుగులు. 1953లో స్విట్జర్లాండ్‌కు చెందిన బ్లాంపాన్ కంపెనీ నీళ్లలోకి దిగేవాళ్ల కోసం తెచ్చిన వాచీకి ఫిఫ్టీ ఫాథమ్స్ అని పేరు పెట్టింది. సోనాపూర్ ఒడ్డున ఆ పేరుకు అర్థం వివరించాల్సిన పనిలేదు. యాభై బారలు, అంతే. మీటర్లలో 91 చిల్లర.

రోలెక్స్ సబ్‌మెరైనర్ పుట్టుక కూడా 1953దే. ఈ రోజు బరంపురంలో ఏ పెళ్లి రిసెప్షన్‌కు వెళ్లినా కోటు చేతి అంచు కింద నుంచి తొంగిచూసే డైవ్ వాచీలు, అసలువైనా నకిలీవైనా, చాలావరకు ఈ రెండింటి వంశమే. నల్లటి డయల్, లావుపాటి ముళ్లు, అద్దం చుట్టూ టిక్కుటిక్కుమని తిరిగే పళ్ల చట్రం. ఆ చట్రాన్నే బెజెల్ అంటారు. డెబ్బై ఏళ్లుగా ఆ రూపం పెద్దగా మారలేదు. మారాల్సిన అవసరం కూడా రాలేదు, చూడటానికి అంత బాగుంటుంది కాబట్టి.

చిక్కల్లా ఆ రూపం ఎవరి పని కోసం వచ్చిందన్న దగ్గరే. వీపున గాలి సిలిండరు కట్టుకుని దిగేవాళ్ల కోసం వచ్చింది. ఊపిరి బిగబట్టి దిగే ఫ్రీడైవర్ పని వేరు. సిలిండరుతో దిగిన మనిషి ముప్పావు గంట నీళ్ల కిందే ఉంటాడు. గాలి ఎంత అయిపోయింది, ఎంత మిగిలింది అన్నదే అతని టెన్షన్. అతని వాచీ కింద గడిపిన కాలాన్ని కొలవాలి. ఫ్రీడైవర్ కిందకు వెళ్లేది నిమిషం, నిమిషంన్నర. పైకి వచ్చి తేలుతూ ఊపిరి కుదుటపడేదాకా ఆగాల్సింది అంతకు రెట్టింపు, ఇంకా ఎక్కువ. కాబట్టి అతని వాచీ ఎక్కువగా కొలిచేది నీటి పైన గడిచే కాలాన్ని. వాచీ ఎంచుకోవడంలో మిగతా తేడాలు చాలావరకు ఇక్కడి నుంచే వస్తాయి.

1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ జిల్లాలో తెలుగు ఇంటిభాషగా నిలిచిన ఊళ్లు చాలానే ఉన్నాయి. సముద్రం వాకిట్లోనే ఉంది. అయినా ఫ్రీడైవింగ్‌కు ఇది మంచి చోటు కాదు. గోపాలపూర్ దగ్గర కెరటాలు ఒడ్డుకు దగ్గరగా వచ్చి బలంగా విరిగిపడతాయి. ఉత్తరాన రుషికుల్య, దక్షిణాన బాహుదా నదులు తెచ్చే మట్టితో ఒడ్డు దగ్గరి నీళ్లు ఏడాదిలో చాలా నెలలు కలకగానే ఉంటాయి. అందుకని మోజున్నవాళ్లు ఈతకొలనులో మొదలుపెట్టి, తర్వాత నాలుగైదు గంటల రైలు ప్రయాణంలో విశాఖకో, సెలవు దొరికితే అండమాన్‌కో వెళ్లి శిక్షకుల దగ్గర నేర్చుకుంటారు. వల రాయికి తగులుకుంటే పడవ మీంచి దూకి విప్పుకొచ్చే కుర్రాళ్లకు ఈ విద్య కొత్తేమీ కాదు. దానికొక ఇంగ్లీషు పేరు ఉందన్నదే కొత్త.

షాపులో వాచీ చేతికివ్వగానే అందరూ చూసేది వెనక మూత మీద రాసిన లోతు. 30 మీటర్లు, 50, 100, 200. ఆ అంకెను ఉన్నదున్నట్టు నమ్మితే 30 మీటర్ల వాచీ పెట్టుకుని 20 మీటర్లు దిగొచ్చనిపిస్తుంది. అలా చేయకూడదు. 30 మీటర్లంటే వానచినుకులకు, చేతులు కడుక్కోవడానికి పనికొస్తుందని. 50 అయితే తేలిగ్గా ఈదొచ్చు. 100 నుంచి సముద్రంలో ఈతకు ధైర్యం చేయొచ్చు. ఈ అంకెలు ప్రయోగశాలలో కొత్త వాచీని కదలకుండా ఉంచి ఒత్తిడి పెట్టి చూసినవి. ఏళ్లు గడిచి, నీళ్లు దూరకుండా ఆపే రబ్బరు రింగు గట్టిపడిన వాచీకి అవి వర్తించవు.

దీని మీద ఒక అపోహ కూడా బాగా ప్రచారంలో ఉంది. నీళ్లలో చెయ్యి ఊపితే ఒత్తిడి అమాంతం పెరిగిపోతుందట, అందుకే 50 మీటర్ల వాచీ ఈతలో పాడవుతుందట. లెక్క కడితే తేలిపోతుంది. చెయ్యి సెకనుకు 5 మీటర్ల వేగంతో కదిలినా అదనంగా పడే ఒత్తిడి ఒకటిన్నర మీటర్ల లోతుకు కూడా సమానం కాదు. వాచీలోకి నీళ్లు వెళ్లేది చేతి వేగం వల్ల కాదు. టైం సరిచేసేందుకు పక్కనుండే కీ సరిగా మూయకపోవడం వల్ల, ఎండిపోయిన రింగు వల్ల.

డైవింగ్ వాచీలకు ఐఎస్‌ఓ 6425 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. కనీసం 100 మీటర్లు తట్టుకోవాలి. రాసిన లోతు కంటే పాతిక శాతం ఎక్కువ ఒత్తిడిలో పరీక్షించాలి. చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైం చదవగలగాలి. వాచీ ఆగిపోలేదని చీకట్లో కూడా తెలియాలి. సెకన్ల ముల్లు మీద చిన్న మెరుపు చుక్క ఉండేది అందుకే. ఆ మెరుపును మన వాచీ షాపుల్లో ఇప్పటికీ రేడియం అంటారు కానీ, రేడియం వాడకం ఎప్పుడో మానేశారు. ఇప్పుడు పూసేది ఎండలో వెలుతురు తాగి చీకట్లో వదిలే పదార్థం. మామూలు వాటర్ రెసిస్టెంట్ వాచీలకు నమూనా పరీక్ష చాలు. ఈ ప్రమాణం పాటించే కంపెనీ మాత్రం ప్రతి వాచీనీ పరీక్షించాలి. అలాంటి వాటి మీద డైవర్స్ అన్న మాట లోతుతో పాటు రాసి ఉంటుంది. ఒట్టి 200 మీటర్లు అని ఉంటే అది చెడ్డ వాచీ అని కాదు. ఆ పరీక్ష పేరుతో అమ్మడం లేదని అర్థం.

ఫ్రీడైవర్‌కు ఇంత లోతు అవసరమా? ఫ్రెంచ్ ఫ్రీడైవర్ జాక్ మయోల్ ఊపిరి బిగబట్టి 100 మీటర్లకు చేరింది 1976లో. 2007లో ఆస్ట్రియా ఫ్రీడైవర్ హెర్బర్ట్ నిట్ష్ బరువు సాయంతో 214 మీటర్ల దాకా వెళ్లొచ్చాడు. మన కుర్రాడు మొదటి కోర్సు పూర్తిచేసేసరికి దిగేది మహా అయితే 20 మీటర్లు, అంటే పదకొండు బారలు. ఆ లెక్కన 200 మీటర్ల వాచీ బోలెడంత ఎక్కువ. 500, 1000 అని రాసినవాటికి, హీలియం వాల్వు ఉన్నవాటికి అదనంగా డబ్బు పెట్టడం వృథా. వాచీలోకి చేరిన హీలియం వాయువును బయటికి వదిలే ఆ వాల్వు రోజుల తరబడి ఒత్తిడి గదిలో బతికే వృత్తి డైవర్ల అవసరం. ఊపిరితిత్తుల నిండా మామూలు గాలితో దిగేవాడికి అది ఒట్టి బుడిపె.

అంకె కన్నా ముందు చూడాల్సింది కీ. మర బిగించినట్టు తిప్పి మూసే కీ ఉండాలి. చూడటానికి డైవ్ వాచీలాగే ఉండి, నొక్కితే మూసుకునే మామూలు కీతో వచ్చేవి మార్కెట్‌లో చాలా ఉన్నాయి. సీకో కంపెనీ 1996 నుంచి అమ్మిన ఎస్‌కెఎక్స్007 నిఖార్సైన 200 మీటర్ల డైవర్. 2019లో దాదాపు అదే ముఖంతో సీకో 5 స్పోర్ట్స్ వరస వచ్చింది. అది 100 మీటర్లకే, కీ మామూలుదే. రెండూ పక్కపక్కన పెడితే గుర్తుపట్టడం కష్టం. బీచ్‌కు, ఆఫీసుకు రెండోది హాయిగా సరిపోతుంది. 20 మీటర్ల తాడు పట్టుకుని దిగేవాడికి మొదటి రకం కావాలి. తక్కువ ధరలో కాసియో డ్యూరో, కొంచెం పైన ఓరియంట్ కమాసు, సెల్లు మార్చే పనిలేని సిటిజన్ ప్రోమాస్టర్ లాంటివి ఈ గీత దాటేవే.

ఇక బెజెల్. మంచి డైవ్ వాచీలో బెజెల్ ఒకవైపే, అపసవ్యంగానే తిరుగుతుంది. దీన్ని గొప్ప భద్రతగా చెబుతారు, సిలిండరు డైవర్‌కు నిజంగానే గొప్పది. దిగేముందు అతను బెజెల్ మీది త్రికోణాన్ని నిమిషాల ముల్లుకు ఎదురుగా పెడతాడు. పొరపాటున బెజెల్ దేనికో తగిలి తిరిగినా వెనక్కే తిరుగుతుంది. గడిచిన కాలం ఉన్నదానికన్నా ఎక్కువ కనబడుతుంది. గాలి అయిపోవచ్చిందనుకుని ముందే పైకొచ్చేస్తాడు. నష్టం ఏమీ లేదు.

ఇదే బెజెల్‌తో ఫ్రీడైవర్ విశ్రాంతి కొలిస్తే కథ తిరగబడుతుంది. ఒకటి ఇరవై, అంటే నిమిషం ఇరవై సెకన్లు కింద ఉండి పైకొచ్చాడనుకుందాం. కనీసం రెట్టింపు ఆగాలన్నది మామూలు సూత్రం. రెండు నిమిషాల నలభై సెకన్లు, సరిచేసి మూడు నిమిషాలు. త్రికోణం ముల్లుకు ఎదురుగా పెట్టి పడవ అంచు పట్టుకుని తేలుతున్నాడు. అంచు తగిలి బెజెల్ రెండు టిక్కులు వెనక్కి జరిగింది. చుట్టూ 120 టిక్కులుండే బెజెల్‌లో రెండు టిక్కులంటే ఒక నిమిషం. వాచీ మూడు నిమిషాలైందని చెప్పేసరికి నిజానికి అయినవి రెండే. రక్తంలో ఆక్సిజన్ పూర్తిగా కోలుకోకుండానే, కోలుకున్నాననుకుని మళ్లీ దిగుతాడు. ఫ్రీడైవింగ్‌లో స్పృహ తప్పడాలు చాలావరకు పైకొచ్చేటప్పుడు చివరి కొద్ది మీటర్లలోనో, పైకొచ్చాక కొన్ని సెకన్లలోనో జరుగుతాయి. విశ్రాంతి తగ్గే కొద్దీ ఆ ముప్పు పెరుగుతుంది. సిలిండరు డైవర్‌ను కాపాడే అమరికే ఇక్కడ ఎదురు తిరిగింది.

కాబట్టి ఫ్రీడైవర్ బెజెల్‌ను షాపులోనే వేలితో గట్టిగా నెట్టి చూడాలి. తేలిగ్గా గిర్రున తిరిగేది, అంచు బయటికి పొడుచుకొచ్చినది వద్దు. కాస్త మొండిగా తిరిగేదే మేలు. ఇంకో దారి, బెజెల్ అద్దం లోపలే ఉండే రకం. 1950ల చివరి నుంచి సూపర్ కంప్రెసర్ అన్న పేరుతో వచ్చిన వాచీల పోలిక అది. పక్కన రెండు కీలుంటాయి, ఒకటి టైముకు, ఒకటి లోపలి బెజెల్‌కు. పడవ అంచుకు తగిలినా లోపలి చట్రం కదలదు. చూడటానికి కూడా మొరటుగా ఉండదు, సిల్కు చొక్కా చేతి కింద చక్కగా ఇమిడిపోతుంది. స్టైల్ కోసం చూసేవాళ్లకు నా ఓటు దీనికే. కీలు రెండు కాబట్టి నీళ్లు దూరే దారులూ రెండన్నది గుర్తుంచుకుంటే చాలు.

ముళ్ల వాచీ లోతు చెప్పదు. గంట కొట్టి హెచ్చరించదు. ఆ పనికి చేతికి కట్టుకునే డిజిటల్ డైవ్ కంప్యూటర్లున్నాయి. అవి ఎన్ని మీటర్లు, ఎన్ని సెకన్లు, ఎంత విశ్రాంతి అన్నీ వాటంతట అవే రాసుకుంటాయి. వారం వారం సముద్రానికి వెళ్లేవాడు అది కొనుక్కోవడమే తెలివైన పని. అలాంటప్పుడు ముళ్ల వాచీ ఎందుకంటే, కంప్యూటర్ పెట్టుకుని పెళ్లికి వెళ్లలేం కాబట్టి. ఇంకో కారణం కూడా ఉంది. కింద ఉన్నప్పుడు ఫ్రీడైవర్ అసలు వాచీ చూడకూడదు. తల కిందికి, చెయ్యి ముందుకు చాచి, మెడ వంచకుండా దిగాలి. వాచీ కోసం మెడ తిప్పితే ఒళ్లు వంకరపోతుంది, చెవుల ఒత్తిడి సరిచేసుకోవడం కష్టమవుతుంది. దిగేది దాదాపు సెకనుకు మీటరు చొప్పున. పైన సెకన్ల ముల్లు చూస్తున్నవాడికి కిందివాడు సుమారు ఎక్కడున్నాడో దాన్నిబట్టే తెలుస్తుంది.

అంటే వాచీ అసలు అవసరం పైన ఉన్న జతగాడికి. ఈ విద్యలో మొదటి నియమం ఒంటరిగా దిగకూడదని. ఒకడు కిందుంటే ఇంకొకడు పైన ఉండాలి. మునిగిన క్షణం నుంచి జతగాడు సెకన్లు లెక్కపెడతాడు. చివరి మీటర్లలో ఎదురెళ్లి కళ్లలోకి చూస్తాడు. పైకొచ్చాక కూడా కనీసం ముప్పై సెకన్లు చూపు మరల్చడు. ఇద్దరికీ కలిపి ఒక్క మంచి వాచీ ఉంటే అది పైనున్నవాడి చేతికి మారుతూ ఉండాలి. ఈ పనికి సెకన్ల ముల్లు సన్నని వెంట్రుకలా ఉంటే లాభం లేదు. కొస దగ్గర లావుగా, తెల్లగా ఉండాలి, గీతల మీద కచ్చితంగా పడాలి. సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీలో ముల్లు సెకనుకొక గెంతు వేస్తుంది, లెక్కపెట్టడానికి అదే సుఖం. చేతి కదలికతో నడిచే ఆటోమేటిక్‌లో ముల్లు జారుతున్నట్టు సాగుతుంది. చూడ ముచ్చటే, లెక్కకు మాత్రం క్వార్ట్జ్ ఒక మెట్టు పైన. ఆటోమేటిక్ రోజుకు పది పదిహేను సెకన్లు తప్పు చూపుతుందన్న ఫిర్యాదుకు మాత్రం ఇక్కడ చోటు లేదు. మూడు నిమిషాల్లో ఆ తప్పు కంటికి కనబడదు.

నీళ్లలో వాచీని ఏటవాలుగా చూస్తే వింత జరుగుతుంది. డయల్ మాయమై అద్దం మొత్తం వెండి రేకులా మెరుస్తుంది. నీటి నుంచి వాచీ లోపలి గాలిలోకి వెళ్లాల్సిన చూపు ఒక కోణం దాటాక వెనక్కి ప్రతిఫలిస్తుంది, అందుకని. వాచీ ఆగిపోయిందో నీళ్లు చేరాయో అని కంగారు పడక్కర్లేదు. మణికట్టు తిప్పి నేరుగా చూస్తే అంకెలు తిరిగొస్తాయి. మాస్కులోంచి చూస్తే నీళ్లలో ఏ వస్తువైనా మూడోవంతు పెద్దదిగా కనబడుతుంది. కాబట్టి సన్నటి మణికట్టు ఉన్నవాళ్లు 44, 45 మిల్లీమీటర్ల పళ్లెం లాంటి వాచీ కొనాల్సిన పనిలేదు. 38 నుంచి 41 మధ్యలోవి చదవడానికి చాలు, తేలిక, తాడుకు తగులుకునే భయమూ తక్కువ.

అద్దం విషయంలో గంజాం వాళ్లకు ప్రత్యేకమైన లెక్క ఉంది. ఛత్రపూర్ దగ్గర ఐఆర్‌ఈఎల్ సంస్థ ఈ తీరపు ఇసుకను తవ్వి ఇల్మనైట్, జిర్కాన్, గార్నెట్ లాంటి ఖనిజాలు తీస్తుంది. అంటే ఒడ్డున తుండుగుడ్డ మీద వాచీ పెట్టినప్పుడు దాని మీద రాలేది గార్నెట్, జిర్కాన్ రవ్వలు కూడా కలిసిన ఇసుక. గట్టిదనం కొలతలో అవి ఏడుకు అటూ ఇటూ ఉంటాయి. మామూలు మినరల్ అద్దం ఆరు దగ్గరే ఆగిపోతుంది, గీతలు పడక తప్పదు. సఫైర్ అద్దం తొమ్మిది. ఖర్చు కొంచెం పెరిగినా ఈ తీరంలో సఫైర్‌కు పెట్టిన డబ్బు వసూలవుతుంది. బెజెల్ కింద చేరిన ఇసుక ఇంకో తలనొప్పి. ఇంటికొచ్చాక కుళాయి కింద పెట్టి, కరకరమనే చప్పుడు పోయేదాకా బెజెల్‌ను తిప్పుతూ కడగాలి. అప్పుడు కీ మాత్రం ముట్టుకోకూడదు.

బెల్టుల్లో తోలుకు ఇక్కడ పనే లేదు. ఉప్పు నీళ్లలో రెండుసార్లు నానితే వాసన, మూడోసారికి పగుళ్లు. స్టీలు చైను అందంగా ఉంటుంది కానీ, కొక్కెం దగ్గర తాడు పోగులు, వల పోగులు చిక్కుకుంటాయి. రబ్బరు బెల్టు మేలు. నైలాన్ పట్టీ ఇంకా మేలు. అది వాచీ వెనక నుంచి రెండు పిన్నుల కిందుగా సాగుతుంది కాబట్టి ఒక పిన్ను ఊడినా వాచీ చేతికే వేలాడుతుంది. చలినీళ్లలో తొడిగే మందపాటి సూటు లోతుకు వెళ్లేకొద్దీ నలిగి పలచబడుతుంది, దాంతో బెల్టు వదులవుతుంది. దానికోసమే కొన్ని రబ్బరు బెల్టులకు ముడతలు పెడతారు. వెచ్చటి బంగాళాఖాతంలో పలచటి చొక్కాతో దిగేవాళ్లకు ఆ బాధ లేదు. ఫ్రీడైవర్ మణికట్టును తాడుకు కలిపే ల్యాన్యార్డ్ ఏ చేతికుంటే వాచీ దానికి కాకుండా రెండో చేతికి ఉండాలి.

డయల్ రంగు గురించి మోజు ఎక్కువ. ఎరుపు నీళ్లలో అన్నిటికన్నా ముందు మాయమవుతుంది, కొద్ది మీటర్లకే గోధుమ రంగులోకి మారి తర్వాత నలుపవుతుంది. కలక నీళ్లలో నల్లటి డయల్ మీద తెల్లటి లావు ముళ్లు, లేదా తెల్లటి డయల్ మీద నల్లటివి, అంతకు మించినది లేదు. నీలం డయల్ ఒడ్డున కళ్లు చెదిరేలా ఉంటుంది. ముళ్లు తెల్లగా ఉంటే నీళ్లలోనూ ఇబ్బంది పెట్టదు.

ఎంత మంచి వాచీ అయినా దాని బతుకు తేలేది సెల్లు మార్చిన రోజున. బజారులో ఐదు నిమిషాల్లో మూత తీసి సెల్లు వేసి నొక్కేస్తే వాచీ నడుస్తుంది. మూత కింద రబ్బరు రింగు నలిగిందా, గ్రీజు ఉందా, గాడిలో సరిగ్గా కూర్చుందా అన్నది ఎవరూ చూడరు. ఆ రోజు నుంచి మూత మీది 200 అంకెకు అర్థం లేదు. రింగు మార్చమని అడగాలి. ఒత్తిడి పరీక్ష యంత్రం ఉన్న సర్వీసు సెంటరుకు పంపితే ఇంకా మంచిది. ఆ వీలు లేనివాళ్లు సముద్రానికి వెళ్లేముందు ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. వాచీని చేతికి వెచ్చగా తగిలేటంతవరకు, 40 డిగ్రీల దాకా, ఎండలో వేడెక్కనిచ్చి అద్దం మీద ఒక చుక్క చల్లటి నీళ్లు వేయాలి. నిమిషం తర్వాత తుడిచి వెలుతురులో చూడాలి. ఆ చుక్క ఉన్నచోట లోపలి వైపు పలచగా ఆవిరి పట్టిందంటే లోపల అప్పటికే చెమ్మ ఉంది. వాచీ ఆ వారం విశాఖ రైలెక్కకూడదు.